రిఫరీని కొడితే శిక్ష ఎంత? జవాబు విరిగిన పన్ను దగ్గర మొదలవుతుంది

అడిగిన ప్రశ్న ఇదీ: "మా తమ్ముడు ఆదివారాల్లో ఒక ఫుట్‌బాల్ లీగ్‌కి రిఫరీగా వెళ్తాడు. పోయిన వారం రెండో పసుపు కార్డు చూపించి ఒక ఆటగాణ్ణి బయటికి పంపాడు. మ్యాచ్ అయిపోయిన ఇరవై నిమిషాలకు పార్కింగ్ దగ్గర ఆ ఆటగాడే వచ్చి మూతి మీద గుద్దాడు. పై పన్ను సగానికి విరిగింది. లీగ్ వాళ్లు అతన్ని రెండేళ్లు నిషేధించారు. 'శిక్ష పడిందిగా, మళ్లీ పోలీసులెందుకు' అంటున్నారు. రిఫరీని కొడితే మామూలు కొట్లాట కేసేనా, ప్రత్యేకమైన శిక్ష ఏదైనా ఉంటుందా?"

ముందు మీ తమ్ముడికి ఒక మాట చెప్పండి. ఆ పన్నుకి క్యాప్ వేయించుకునే లోపే ఎక్స్‌రే తీయించుకోమనండి. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. నేను పదిహేడేళ్లు వారాంతాల్లో విజిల్ ఊదాను. మిగతా రోజుల్లో క్రిమినల్ కేసులు వాదించుకునేవాణ్ణి. ఇలాంటి గొడవల్ని రెండు వైపుల నుంచీ చూశాను కాబట్టి జవాబు కాస్త పొడుగవుతుంది, ఏమీ అనుకోకండి.

మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు. దాన్నిబట్టి సెక్షన్లు మారతాయి. అందుకని నాలుగైదు చోట్ల చట్టం ఎలా ఉందో చెప్తాను. ఎక్కడైనా సరే మారనిది ఒకటుంది. "రిఫరీల కోసం ప్రత్యేక చట్టం ఉందా" అని అందరూ మొదట అడుగుతారు. కేసు బరువు తేల్చేది చాలాసార్లు ఆ చట్టం కాదు. గాయం ఎంతటిది, దాన్ని ఎవరు ఎప్పుడు కాగితం మీద పెట్టారు అన్నవే తేలుస్తాయి.

లీగ్ వాళ్ల మాట సంగతి ముందు తేల్చేద్దాం. నిషేధం అనేది ఆట తన ఇంట్లో తాను వేసుకునే శిక్ష. ఫిఫా క్రమశిక్షణ నియమావళి ప్రకారం మ్యాచ్ అధికారి మీద చెయ్యి చేసుకుంటే కనీసం 15 మ్యాచ్‌లు, లేదంటే తగినంత కాలం సస్పెన్షన్. ఉమ్మినా సరే. క్రికెట్‌లో 2017 అక్టోబరు నుంచి 42వ నియమం కింద అంపైర్‌ని కొడతానని బెదిరించినా, కావాలని మీదికొచ్చి తగిలినా మిగతా మ్యాచ్ మొత్తానికి బయటికి పంపి, ఎదుటి జట్టుకి 5 పరుగులు ఇస్తారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో క్యూబా తైక్వాండో ఆటగాడు ఏంజెల్ మాతోస్ రిఫరీ ముఖం మీద తన్నినందుకు అతనికీ అతని కోచ్‌కీ జీవితకాల నిషేధం పడింది. ఇవన్నీ ఆట పెట్టుకున్న కట్టుబాట్లు. వీటిలో ఏదీ పోలీసు కేసుకి అడ్డు రాదు. ఒకే నేరానికి రెండుసార్లు శిక్షించకూడదన్న సూత్రం కోర్టు వేసే శిక్షలకు వర్తిస్తుంది. ఆఫీసులో డబ్బు కాజేసినవాడి ఉద్యోగం ఊడిందని దొంగతనం కేసు పోదు కదా, ఇదీ అంతే.

"శిక్ష పడిందిగా" అనేవాళ్లలో కొందరు మంచి మనసుతోనే అంటారు. మరికొందరు లీగ్ పేరు పేపర్లో రాకూడదని అంటారు. ఎవరు ఏ ఉద్దేశంతో అంటున్నారో మీ తమ్ముడికే బాగా తెలుస్తుంది.

అవతలివాళ్ల లాయరు నోట తరచూ వచ్చే ఇంకో వాదన కూడా చెప్పాలి. "ఆటలో దెబ్బలు మామూలే, మైదానంలో దిగినవాడు వాటికి ఒప్పుకునే దిగుతాడు" అంటారు. ఆటగాళ్ల మధ్య అయితే ఇందులో నిజం ఉంది. ఇంగ్లండ్ అప్పీలు కోర్టు 2004లో బార్న్స్ కేసులో ఇదే చెప్పింది. ఆటలో తగిలిన గాయాలకి క్రిమినల్ కేసు పెట్టాలంటే ఆ పని మామూలు ఫౌల్ స్థాయి దాటి తీవ్రంగా ఉండాలంది. మన భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షన్‌లో కూడా ఒప్పుకుని ఆడే ఆటకి ఉదాహరణగా కత్తిసామునే చూపించారు. బ్రిటిష్ కాలం నాటి శిక్షాస్మృతి నుంచి అలాగే వచ్చింది. అయితే కత్తిసాములో ఇద్దరి చేతుల్లోనూ కత్తులుంటాయి. రిఫరీ చేతిలో ఉండేది విజిలూ రెండు కార్డులే. పరిగెత్తుతూ అనుకోకుండా ఎవరైనా గుద్దుకుంటే, బంతి తగిలితే అది ప్రమాదం. పిడికిలికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. పైగా మీ తమ్ముడికి దెబ్బ తగిలింది పార్కింగ్‌లో. అక్కడ ఆటే లేదు, ఇక ఒప్పుకోవడం ఎక్కడిది?

ఇక ప్రత్యేక చట్టాల సంగతి. ఇవి ఎక్కువగా అమెరికాలో ఉన్నాయి. దేశమంతటికీ ఒకే చట్టం లేదు, రాష్ట్రాలు ఎవరికి వారే చేసుకున్నాయి. వాటిని చదువుతుంటే ఒక్కో రాష్ట్రం ఏ గొడవ చూసి భయపడి ఆ వాక్యం రాసిందో తెలిసిపోతుంది.

కాలిఫోర్నియాలో మామూలు చేయి చేసుకోవడానికి 6 నెలల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా. దెబ్బ తిన్నది క్రీడాధికారి అయితే జరిమానా అంతే ఉంటుంది గానీ జైలు ఏడాది దాకా పెరుగుతుంది. ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఒకటి, మ్యాచ్‌కి వెంటనే ముందు, మ్యాచ్ జరుగుతుండగా, లేదా మ్యాచ్ అయిన వెంటనే కొట్టి ఉండాలి. ఇరవై నిమిషాల తర్వాత పార్కింగ్‌లో అంటే "వెంటనే" అవుతుందా కాదా అని ఇద్దరు లాయర్లు పూటంతా వాదించుకోవచ్చు. రెండోది ఇంకా ముఖ్యం. క్రీడాధికారి అంటే విజిల్ ఊదే ప్రతివాడూ కాదు. రిఫరీలకి శిక్షణనిచ్చే ఏదో ఒక సంస్థలో నమోదై గానీ, సభ్యుడిగా గానీ ఉండాలి. అసలు రిఫరీ రాకపోతే గట్టు మీద కూర్చున్న ఒక నాన్నని పిలిచి జెండా చేతికిస్తారు చూడండి, ఆయనకి ఈ చట్టం గొడుగు పట్టదు. ఆయన కేసు మామూలు కొట్లాట కిందే పోతుంది. కొత్తగా రిఫరీ అవుదామనుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. ఫీజు కట్టి నమోదు చేయించుకోండి, ఆ కార్డు పర్సులో పెట్టుకోండి.

కెంటకీ వాళ్లు పార్కింగ్ సంగతి ముందే ఆలోచించారు. మైదానానికి వస్తున్నప్పుడు, తిరిగి వెళ్తున్నప్పుడు గాయపరిచినా చట్టం వర్తిస్తుందని స్పష్టంగా రాసుకున్నారు. మొదటిసారి అయితే చిన్న నేరం. రెండోసారి చేసినా, రిఫరీని కొట్టడానికే ఐదుగురో అంతకన్నా ఎక్కువో పోగై వచ్చినా అది ఫెలనీ, అంటే పెద్ద నేరం. ఆ ఐదుగురి లెక్క చదివితే నాకు నవ్వు వస్తుంది గానీ, మ్యాచ్ అయ్యాక గేటు దగ్గర అలాంటి గుంపు కాచుకుని ఉండగా కారు తాళం కోసం జేబు తడుముకున్నవాడికి నవ్వు రాదు.

ఫ్లోరిడాలో మామూలుగా ఏడాది జైలు దాకా పడే దెబ్బ, క్రీడాధికారి మీద పడితే ఒక మెట్టు పైకెక్కి ఐదేళ్ల దాకా పడే ఫెలనీ అవుతుంది. టెక్సస్ దారే వేరు. అక్కడ గాయం లేని నెట్టివేత, బెదిరింపు లాంటివి మామూలుగా 500 డాలర్ల జరిమానాతో పోతాయి. అవే రిఫరీ మీద చేస్తే 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా. అయితే ఈ పెంపు బయటివాళ్లకే, అంటే ప్రేక్షకులకీ తల్లిదండ్రులకీ. ఆటగాడు నెడితే ఈ వాక్యం కిందికి రాడు! ఇంకో విశేషం, ఆ రిఫరీ ఇచ్చిన నిర్ణయానికి కక్ష తీర్చుకోవడానికి తర్వాత చేసినా ఇది వర్తిస్తుంది, "వెంటనే" అన్న గొడవ లేదు. న్యూజెర్సీ వాళ్లు రిఫరీని వదిలేసి పిల్లల వైపు నుంచి ఆలోచించారు. 16 ఏళ్ల లోపు పిల్లల ఎదుట, బడో ఊరో జరిపే పిల్లల ఆటల పోటీలో ఎవరు ఎవరిని కొట్టినా ఏడాదిన్నర దాకా జైలు పడే నేరం. నా మటుకు నాకు ఇదే అన్నిటికన్నా తెలివైన చట్టం అనిపిస్తుంది. దెబ్బ తిన్నది కోచా, రిఫరీయా, అవతలి జట్టు పిల్లాడి తల్లా అన్న తర్జనభర్జన అక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఇదే కాలిఫోర్నియాలో ఎముక విరిగినా, స్పృహ తప్పినా, తలకి లోపల దెబ్బ తగిలినా అది "తీవ్ర శారీరక గాయం" అవుతుంది. అప్పుడు దెబ్బ తిన్నది ఎవరైనా సరే నాలుగేళ్ల దాకా శిక్ష వేసే సెక్షన్ ఉంది. అంటే రిఫరీ చట్టం ఇచ్చేది ఏడాది, గాయం ఇచ్చేది నాలుగేళ్లు. ప్రాసిక్యూటర్ ఏది పట్టుకుంటాడో చెప్పక్కర్లేదు. ప్రత్యేక చట్టం పనికొచ్చేది ఒక నెట్టు, ఒక చెంపదెబ్బ, ఒక ఉమ్ము దగ్గర. గాయం కనిపించకపోతే పోలీసులు "పోనీలెండి" అనే చోట అది నిలబడుతుంది. దాని విలువ నిజంగా అక్కడే.

అమెరికా బయట కొన్ని దేశాలు వేరే దారి పట్టాయి. రిఫరీని ప్రభుత్వోద్యోగితో సమానంగా చూస్తాయి. టర్కీలో 2011లో వచ్చిన 6222 నంబరు చట్టం అదే చేసింది. రిఫరీ మీద విధికి సంబంధించి జరిగే నేరాన్ని ప్రభుత్వోద్యోగి మీద జరిగినట్టే లెక్కిస్తుంది. 2023 డిసెంబరు 11న అంకారాలో దానికి పరీక్ష వచ్చింది. రిజేస్పోర్‌తో మ్యాచ్ 1-1తో ముగిసింది. విజిల్ మోగగానే అంకారాగూజు క్లబ్ అధ్యక్షుడు ఫరూక్ కోజా మైదానంలోకి వచ్చి రిఫరీ హలీల్ ఉముత్ మెలెర్ ముఖం మీద గుద్దాడు. కిందపడ్డవాణ్ణి ఇంకొందరు తన్నారు. కన్ను దగ్గర ఎముక చిట్లింది. దేశంలో లీగులన్నీ వారం రోజులు ఆగిపోయాయి. ఫెడరేషన్ కోజాని శాశ్వతంగా నిషేధించి, క్లబ్‌కి 20 లక్షల లీరాల జరిమానా, సొంత మైదానంలో ఐదు మ్యాచ్‌లు ప్రేక్షకులు లేకుండా ఆడే శిక్ష వేసింది. మీ లీగ్ వాళ్లు చూడాల్సింది తర్వాత జరిగింది. "శాశ్వత నిషేధం పడిందిగా" అని కేసు ఆపలేదు. 2024 నవంబరులో కోర్టు కోజాకి 3 సంవత్సరాల 7 నెలల జైలు వేసింది. ఇటలీ కూడా 2025లో చట్టం మార్చి, మ్యాచ్‌ల దగ్గర కాపలా ఉండే పోలీసులని గాయపరిస్తే పడే శిక్షల్ని రిఫరీలకీ వర్తింపజేసింది.

భారతదేశంలో రిఫరీల కోసం వేరే చట్టం లేదు. 2024 జులై 1 నుంచి నడుస్తున్న న్యాయ సంహితలోనే దారి వెతుక్కోవాలి. నెట్టడం, కాలర్ పట్టుకోవడం, ఉమ్మడం లాంటివి 131వ సెక్షన్ కిందికి వస్తాయి. 3 నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కొట్టి నొప్పి కలిగిస్తే 115(2), ఏడాది దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఈ రెండో దాంట్లోనే చాలామంది చిక్కుకుపోతారు. ఇది కాగ్నిజబుల్ కాదు, అంటే మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. స్టేషన్లో ఫిర్యాదు రాసుకుని "కోర్టుకి వెళ్లండి" అని పంపేస్తారు. బయటికొచ్చినవాడు "పోలీసులే పట్టించుకోలేదు, ఇక నేనేం చేస్తాను" అని ఇంటికి పోతాడు. ఈలోగా ఏడాది దాటిందంటే అంతే, కోర్టు కేసుని స్వీకరించే గడువే అయిపోతుంది.

ఇప్పుడు పన్ను దగ్గరికి వద్దాం. 116వ సెక్షన్ "తీవ్ర గాయం" అంటే ఏమిటో ఒక జాబితా ఇస్తుంది. అందులో ఎముక విరగడంతో పాటు పన్ను విరగడం, స్థానం తప్పడం కూడా ఉంది. 15 రోజులు విపరీతమైన నొప్పితో బాధపడటం, రోజువారీ పనులు చేసుకోలేకపోవడం కూడా ఉంది (పాత శిక్షాస్మృతిలో ఇది 20 రోజులు). తీవ్ర గాయం అయితే 117(2), ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. అది కాగ్నిజబుల్, పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందే. రాయితోనో, ఇనప రాడ్డుతోనో కొడితే 118 కింద ఇంకా పైకి వెళ్తుంది. అంటే ఏడాదికీ ఏడేళ్లకీ మధ్య ఉన్నది మీ తమ్ముడి నోట్లో ఆ సగం పన్ను. దానికి పింగాణీ క్యాప్ వేయించుకున్నాక "అది విరగలేదు, పాత పుచ్చు" అని అవతలివాళ్లు అంటే చూపించడానికి ఏముంటుంది? అందుకే ఎక్స్‌రే అన్నాను. అవతలి లాయరు ఇంకోటి కూడా అంటాడు, "పన్ను విరగ్గొట్టాలన్న ఉద్దేశం లేదు" అని. మూతి మీద పిడికిలి వేసేవాడికి పన్ను విరగొచ్చని తెలియకపోవడం ఏమిటని ఎదురడగాలి.

ప్రభుత్వోద్యోగిని విధి నుంచి అడ్డుకోవడానికి గాయపరిస్తే 121వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా ఉంది. అది ప్రైవేటు లీగ్ రిఫరీకి మామూలుగా దొరకదు. సర్కారు బడి వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి పై అధికారులు ఉత్తర్వు ఇచ్చి స్కూల్ గేమ్స్‌కి అంపైర్‌గా పంపితే అప్పుడు వాదించవచ్చు. ఆ డ్యూటీ ఆర్డరు కాగితం ఎక్కడ పెట్టారో వెతుక్కోవడం ఆ సార్ల పని.

"తప్పుడు నిర్ణయం ఇచ్చి రెచ్చగొట్టాడు" అన్నది ఎక్కడైనా వినిపించే మాటే. ఆకస్మికంగా, తీవ్రంగా రెచ్చగొడితే శిక్ష తగ్గించే సెక్షన్ మన దగ్గరా ఉంది. కానీ రెండో పసుపు కార్డు అలాంటి రెచ్చగొట్టడం అని ఒప్పుకునే న్యాయమూర్తిని నేనింకా చూడలేదు. అందులోనూ ఇరవై నిమిషాలు ఆగి, బట్టలు మార్చుకుని, పార్కింగ్ దాకా నడిచి వచ్చి కొట్టాడంటే ఆ ఆవేశంలో "ఆకస్మికం" ఎక్కడుంది? ప్రత్యేక చట్టం ఉన్న చోట పార్కింగ్ మీకు బలహీనత కావచ్చేమో గానీ, మామూలు చట్టంలో అదే మీకు బలం.

ఒక్క గుద్దే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్ల కోసం మూడు సంఘటనలు చెప్తాను. 2012 డిసెంబరు 2న నెదర్లాండ్స్‌లోని ఆల్మేరెలో కుర్రాళ్ల మ్యాచ్‌కి రిచర్డ్ న్యూవెన్‌హౌజెన్ అనే 41 ఏళ్ల తండ్రి స్వచ్ఛందంగా లైన్స్‌మన్‌గా నిలబడ్డాడు. ఆ మ్యాచ్‌లో ఆయన కొడుకు ఆడుతున్నాడు. అయిపోయాక అవతలి జట్టువాళ్లు మీదపడి తన్నారు. మర్నాడు చనిపోయాడు. మెడ దగ్గర రక్తనాళం ముందే బలహీనంగా ఉందని, దెబ్బలకీ చావుకీ సంబంధం లేదని నిందితులు వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. 2013లో ఆరుగురు కుర్రాళ్లకీ, ఒక ఆటగాడి తండ్రికీ నరహత్య నేరం రుజువైంది. 50 ఏళ్ల ఆ తండ్రికి ఆరేళ్లు. కుర్రాళ్లలో ఐదుగురికి రెండేళ్ల చొప్పున, ఒకడికి ఏడాది బాల నేరస్తుల నిర్బంధం. మన చట్టంలోనూ ఇంతే. ముందే జబ్బుతో ఉన్నవాణ్ణి గాయపరిచి చావుని ముందుకు తెస్తే, ఆ చావుకి కారణం వాడేనని 100వ సెక్షన్ వివరణ చెప్తుంది.

2013 ఏప్రిల్‌లో అమెరికాలోని యూటాలో రికార్డో పోర్టిల్లో అనే 46 ఏళ్ల రిఫరీ పసుపు కార్డు చూపించి పుస్తకంలో రాసుకుంటుండగా 17 ఏళ్ల గోల్‌కీపర్ ముఖం మీద ఒక్క గుద్దు గుద్దాడు. మొదట పెద్ద దెబ్బ కాదనుకున్నారు. కోమాలోకి వెళ్లి వారానికి చనిపోయాడు. కొట్టినవాడు మైనరు కాబట్టి బాల నేరస్తుల వ్యవస్థ కిందే శిక్ష పడింది. మరుసటి ఏడాది జూన్‌లో మిషిగన్‌లో జాన్ బీనెవిచ్ అనే రిఫరీ ఎర్ర కార్డు తీయబోతుంటే ఒక ఆటగాడు గుద్దాడు. రెండు రోజులకి ప్రాణం పోయింది. మొదట హత్య అభియోగం పెట్టారు. చివరికి ఉద్దేశం లేని నరహత్యగా నేరం ఒప్పుకున్నాక 8 నుంచి 15 ఏళ్ల శిక్ష పడింది. ఈ మూడింటిలోనూ శిక్షలు వచ్చింది మామూలు నరహత్య చట్టాల నుంచే. నేరం పేరు మార్చింది కొట్టినవాడి ఉద్దేశం కన్నా కిందపడ్డవాడికి ఏమైందన్నదే. తలకి దెబ్బ తగిలిన ఏ రిఫరీనీ ఆ సాయంత్రం ఒంటరిగా ఇంటికి పంపకండి.

ఇక కాగితం సంగతి. నా తోటి రిఫరీ ఒకాయన ఉండేవాడు. ఇప్పుడు విజిల్ మానేశాడు. అతన్ని ఒక ఆటగాడు టన్నెల్లో (మైదానం నుంచి డ్రెస్సింగ్ రూములకి వెళ్లే దారిలో) చెంప మీద కొడితే పెదవి చిట్లి రెండు కుట్లు పడ్డాయి. ఆసుపత్రిలో నర్సు "ఏమైంది" అని అడిగింది. ఒక కుర్రాడి చేతిలో దెబ్బ తిన్నానని చెప్పుకోవడానికి సిగ్గేసి "బంతి తగిలింది" అన్నాడు. ఆమె అదే రాసింది. మూడు రోజుల తర్వాత మనసు మార్చుకుని ఫిర్యాదు చేశాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు ఆ చీటీ ఒక్కటే పట్టుకున్నాడు. "మీరు డాక్టరుకి అబద్ధం చెప్పారా, కోర్టుకి చెప్తున్నారా?" మొదటి ఆసుపత్రి కాగితంలో ఏం రాశారో మీ తమ్ముణ్ణి ఈ రోజే అడగండి. అందులో "జారిపడ్డాడు" అనో, "ఆటలో తగిలింది" అనో ఉంటే దాచుకోకుండా ఇప్పుడే మీ లాయరుకి చెప్పండి.

నా తప్పు కూడా ఒకటుంది. నేను రిఫరీనైన మూడో ఏట ఒక సెంటర్ హాఫ్ (రక్షణ వరుసలో ఆడేవాడు) నన్ను ఛాతీ మీద నెట్టి వెల్లకిలా పడేశాడు. ఆ రాత్రి రిపోర్టులో "ఆటగాడు దురుసుగా ప్రవర్తించి నన్ను తోశాడు" అని ఒక్క వాక్యం రాశాను. మర్యాదగా ఉంటుందనుకున్నాను. కమిటీ ముందు అతను "చెయ్యి అడ్డుపెట్టాను, ఆయనే తూలి పడ్డారు" అన్నాడు. నా వాక్యంలో దాన్ని కాదనేది ఏమీ లేదు. హెచ్చరికతో వదిలేశారు. ఆ తర్వాత నుంచీ ఇలా రాయడం నేర్చుకున్నాను: "78వ నిమిషం. 5వ నంబరు ఆటగాడికి కార్డు చూపించాను. అతను నాకు మూడు అడుగుల దూరంలో ఉన్నాడు. రెండు అడుగులు ముందుకు వచ్చి రెండు అరచేతులతో నా ఛాతీ మీద బలంగా తోశాడు. నేను వెనక్కి పడ్డాను, కుడి మోచేయి నేలకి తగిలింది. అప్పుడు అతను అన్న మాట ఇది. రెండో అసిస్టెంటు పది గజాల దూరం నుంచి చూశాడు." బూతు అయితే బూతే రాయాలి. "అసభ్యంగా తిట్టాడు" అని రాస్తే అక్కడ ఏం జరిగిందో ఎవరికీ తెలియదు.

వీడియో ఉంటే ఇంకా మంచిది. ఇంగ్లండ్‌లో 2023లో కొన్ని చిన్న లీగుల్లో రిఫరీల ఛాతీకి కెమెరాలు కట్టి ప్రయోగం మొదలుపెట్టారు. మీ పార్కింగ్‌లో సీసీ కెమెరా ఉందేమో చూడండి. చాలా చోట్ల పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతుంటుంది కాబట్టి, అది ఎవరి ఆధీనంలో ఉంటే వాళ్లకి "ఫలానా తేదీ, ఫలానా సమయం దృశ్యాలు చెరపవద్దు" అని రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. సెల్‌ఫోన్‌లో తీసిన ప్రేక్షకులు ఎవరైనా ఉంటే వాళ్ల ఒరిజినల్ ఫైల్ అడగండి. వాట్సాప్‌లో పది చేతులు మారి వచ్చింది చూసుకోవడానికే పనికొస్తుంది.

రాజీ సంగతి కూడా చెప్పాలి, ఎలాగూ ఎవరో ఒకరు పెద్దమనిషిగా వస్తారు. మన దగ్గర 115(2) అయితే దెబ్బ తిన్నవాడు ఒప్పుకుంటే చాలు, రాజీ పడవచ్చు. 117(2) అయితే కోర్టు అనుమతి కావాలి. రాజీ తప్పని నేను అనను. కుర్రాడు నిజంగా వచ్చి క్షమాపణ అడిగి, వైద్యం ఖర్చు పెట్టుకుని, మళ్లీ ఆ మైదానం వైపు రానని రాసిస్తే మీ తమ్ముడికి అదే మంచిదనిపించవచ్చు. అది ఆయన ఇష్టం. కాకపోతే ఎఫ్‌ఐఆర్, గాయాల సర్టిఫికెట్ చేతికొచ్చాక కూర్చోండి. ముందే కూర్చుంటే రాజీ కాదు, బతిమాలుకోవడం అవుతుంది. ఇంకో జాగ్రత్త, ఆ రోజు మీ తమ్ముడు కూడా తిరిగి ఒక్కటి ఇచ్చుకుని ఉంటే అది ముందే చెప్పమనండి. తనని కాపాడుకోవడానికి అడ్డుకోవడం వేరు, అవతలివాడు వెనక్కి తిరిగాక కొట్టడం వేరు. రెండోదైతే కౌంటర్ కేసు పడుతుంది, అప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ మీద వాయిదాల కోసం కూర్చుంటారు.

శిక్షలు ఇంకా పెంచాలా అని ఎవరైనా అడగొచ్చు. నాకు పెద్దగా నమ్మకం లేదు. ఆవేశంలో పిడికిలి బిగించినవాడికి ఏ సెక్షన్‌లో ఎన్నేళ్లో గుర్తుకు రాదు. పోయిన సీజన్‌లో ఫలానావాడు రిఫరీని కొట్టి ఆరు నెలలు కోర్టు చుట్టూ తిరిగాడు అన్న కబురు మాత్రం డ్రెస్సింగ్ రూముల్లో తిరుగుతుంది. ఇరవై ఏళ్ల శిక్ష రాసి ఎప్పుడూ కేసు పెట్టకపోవడం కన్నా, ఆరు నెలల శిక్ష రాసి ప్రతిసారీ కేసు పెట్టడం నయం. లీగులు చేయగలిగిన సాయం అదే. "మన ఇంటి గొడవ" అనకుండా తామే సాక్షుల పేర్లు, మ్యాచ్ రిపోర్టు, ఆటగాడి రిజిస్ట్రేషన్ కాగితం తీసుకెళ్లి పోలీసులకి ఇవ్వడం.

ఇప్పటికి మీరు చేయాల్సింది: రేపు ఉదయం దంత వైద్యుడి దగ్గర ఎక్స్‌రే, "పై పన్ను విరిగింది" అన్న మాటతో సర్టిఫికెట్. విరిగిన ముక్క దొరికి ఉంటే చిన్న డబ్బాలో దాచండి. రక్తం పడ్డ జెర్సీ ఉతకొద్దు. లీగ్ నుంచి నిషేధం ఉత్తర్వు కాపీ అడిగి తీసుకోండి. కేసు ఎందుకని వాళ్లు ఇచ్చిన ఆ కాగితంలోనే, అతను రిఫరీని కొట్టాడని వాళ్ల సంతకంతో రాసి ఉంటుంది.